పేషంటు పక్కన కూర్చునేవాళ్లకి: పేరు, రంగు, అంకె

మా చుట్టపక్కాల్లో ఎవరు ఆస్పత్రిలో చేరినా రెండో ఫోను నాకే వస్తుంది. మొదటిది డబ్బు సర్దేవాళ్లకి. క్యాజువాలిటీ, లేబర్ రూము, చివర్లో డయాలసిస్ యూనిట్ అన్నీ తిరిగి హెడ్‌నర్సుగా రిటైరయ్యాను కాబట్టి, నాకెవరో పెద్ద డాక్టరు తెలిసే ఉంటాడని వాళ్ల ఆశ. నేను మాత్రం ఎవరికైనా ఒకటే చెబుతాను. పెద్ద డాక్టరు సంగతి తర్వాత, ముందు కాయితాలు చూడండి. ఆస్పత్రికి మీ నాన్న కాయితం మీదే కనబడతాడు. ఒక నంబరు, ఒక రంగో స్టేజో, కొన్ని అంకెలు. డ్యూటీ మారినప్పుడల్లా కొత్తగా వచ్చిన సిస్టరు మొదట చదివేది వాటినే. ఆ కాయితం మీదున్న మనిషీ, మంచం మీదున్న మనిషీ ఒకరేనా అని పగలూ రాత్రీ కనిపెట్టి ఉండగలిగేది పక్కన కూర్చున్న మీరే. ఆ పని ఎలా చెయ్యాలో రాస్తున్నాను.

పేరు

ఓపీ కౌంటరు దగ్గర క్యూ ఉంటుంది, వెనకాలవాళ్లు తోస్తుంటారు. లోపలి కుర్రాడు తల ఎత్తకుండా ‘పేరు?’ అంటాడు. ‘లక్ష్మి’ అంటాం. ‘వయసు?’ అంటే ‘ఏభై వెయ్యండి’ అంటాం. అంతే, ఆ కంప్యూటర్లో ఉన్న బోలెడుమంది లక్ష్ముల పక్కన ఇంకో లక్ష్మి చేరిపోయింది.

అలా చెయ్యకండి. ఆధార్ కార్డు తీసి, అందులో ఎలా ఉందో అలాగే అక్షరం పొల్లుపోకుండా రాయించండి. ఇంటిపేరు ముందుంటే ముందే, వెనకుంటే వెనకే, పొడి అక్షరం ఉంటే పొడి అక్షరమే. వెంకటేశ్వర్లు అన్న పేరుని ఇంగ్లీషులో ఒక్కో కార్డు మీద ఒక్కోలా రాసినవి చాలా చూశాను. ఆరోగ్యశ్రీ మీదో, ఇన్సూరెన్సు మీదో వైద్యం చేయించుకునేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. కార్డులో పేరుకీ కేస్ షీటులో పేరుకీ పొంతన లేకపోతే, ఆపరేషనుకి అనుమతి అడిగే రోజున ఆరోగ్యమిత్ర ఏం చేస్తాడు పాపం? దిద్దించుకు రమ్మంటాడు. మంచం మీద మనిషి మూలుగుతుంటే మీరు రికార్డు రూము చుట్టూ తిరుగుతుంటారు.

వయసు కూడా ఊరికే నోటికొచ్చింది చెప్పొద్దు. పుట్టినరోజు తెలియని పెద్దవాళ్లకి చాలామందికి ఆధార్‌లో జనవరి 1 ఉంటుంది, పోనీ సంవత్సరమైనా దాదాపుగా సరిగ్గా ఉండేలా చూడండి. కిడ్నీ పనితనం లెక్కలో వయసు కూడా ఒక అంకె. ఎలాగో తర్వాత చెబుతాను.

నంబర్లు మూడు రకాలు. ఓపీ నంబరు ఆ చీటీకి. యూహెచ్‌ఐడీ ఆ ఆస్పత్రిలో ఆ మనిషికి, ఎన్నిసార్లు వచ్చినా అదే. ఐపీ నంబరు ఆ ఒక్క అడ్మిషనుకి. పోయినసారి వచ్చినప్పటి యూహెచ్‌ఐడీ చెప్పకుండా మళ్లీ కొత్తగా రాయించుకుంటే, పాత ఎక్స్‌రేలూ, ‘ఈ మందు పడదు’ అని ఎవరో రాసిన ముక్కా పాత నంబరు కిందే ఉండిపోతాయి. పాత చీటీ పారెయ్యకండి. ఇక ఆభా అంటే కేంద్రప్రభుత్వం ఇచ్చే హెల్త్ ఐడీ. ఆ నంబరు 14 అంకెలది, ఒక మనిషికి దేశం మొత్తానికీ ఒకటే. తీసుకోవాలా వద్దా అన్నది మన ఇష్టం. కౌంటరు దగ్గర అతికించిన క్యూఆర్‌ని ఫోనుతో స్కాన్ చేసి టోకెన్ తీసుకునే ఏర్పాటు ఉన్నచోట క్యూ తప్పుతుంది. అయితే ఆభా కార్డు చూపిస్తే బిల్లు మాఫీ కాదు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ భారత్ కార్డు వేరు. ఈ రెంటినీ ఒకటే అనుకుని బిల్లింగు దగ్గర గొడవపడేవాళ్లని చూస్తూనే ఉంటాం.

ఇప్పుడు వార్డులోకి రండి. ఇంజక్షను ట్రేతో వచ్చిన సిస్టరు ‘మీరు లక్ష్మిగారేనా?’ అంటుంది. మగతలో ఉన్న ఆవిడ ‘ఆఁ’ అంటుంది. మన పెద్దవాళ్లు చెవులు వినబడకపోయినా, అర్థంకాకపోయినా, తెల్లకోటుకో తెల్లచీరకో ‘ఆఁ’ అనే అంటారు. ‘మీరు సుబ్బారావేనా?’ అన్నా అనేవాళ్లున్నారు. అందుకే మేం నర్సింగు నేర్చుకునే పిల్లలకి నేర్పేది ‘మీ పేరు చెప్పండి’ అని అడగమని. పేరు వాళ్ల నోటివెంట రావాలి, దానికి ఇంకొకటి జత కావాలి, ఐపీ నంబరో పుట్టిన తేదీయో. రెండూ చేతి పట్టీతోనూ కేస్ షీటుతోనూ కలిస్తేనే మందు. సిస్టరు అలా అడగకపోతే, మీరే ‘అమ్మా, పెదకాకాని లక్ష్మిగారు, ఐపీ చివర 417’ అని పైకి చెప్పెయ్యండి. ఎవరూ ఏమీ అనుకోరు. పొద్దుట్నించి పదిమంది పేరు అడిగారని విసుక్కునే అటెండర్లు, అంటే పేషంటుకి తోడుండేవాళ్లు, చాలామంది. అడగనివాళ్లని చూసి కంగారుపడాలి.

బెడ్ నంబరు ఎప్పుడూ మనిషి గుర్తు కాదు. జనరల్ వార్డులో ఎండాకాలం వస్తే పేషంట్లు ఫ్యాను ఎక్కడుంటే అక్కడికి సర్దుకుంటారు. 12లో ఉన్నాయన కిటికీ గాలి కోసం 14కి మారతాడు, 14లో అతను బాత్రూముకి దగ్గరని 9కి పోతాడు. ఇంకో చిత్రం, పేషంటు స్కానింగుకి వెళ్తే వాళ్ల బావమరిది ఆ మంచం మీద నడుం వాలుస్తాడు. రౌండ్లకి వచ్చిన కొత్త హౌస్ సర్జను దుప్పటి తీసి అతని నాడి పట్టుకుంటాడు. నవ్వుకోవచ్చు గానీ, చేతిలో సిరంజి ఉన్నప్పుడు అది నవ్వులాట కాదు. మంచం మారితే నర్సింగ్ స్టేషనులో చెప్పండి. మీరు పడుకోవాలంటే కింద చాప వేసుకోండి.

చేతి పట్టీ కట్టగానే ముందు మీరు చదవండి. స్పెల్లింగు, వయసు, ఆడ మగ, ఐపీ నంబరు. చేతికి నీరు వచ్చి బిగిసిపోతే కత్తిరించమని అడగండి, కత్తిరించిన వెంటనే కొత్తది రెండో చేతికి కట్టించండి. కొన్నిచోట్ల అలర్జీ ఉన్నవాళ్లకి ఎర్ర పట్టీ, పడిపోయే భయం ఉన్నవాళ్లకి పసుపు పట్టీ వేస్తారు. అన్ని ఆస్పత్రుల్లో రంగులు ఒకటి కావు కాబట్టి ‘ఈ రంగు దేనికి?’ అని అక్కడే అడిగి తెలుసుకోండి.

పురిటి వార్డులో పట్టీ విలువ ఇంకా ఎక్కువ. పుట్టిన బిడ్డకి పేరుండదు. ‘బేబీ ఆఫ్ లక్ష్మి’ అని రాస్తారు. ఇద్దరు లక్ష్ములు ఒకే రాత్రి ప్రసవిస్తే ఇద్దరు ‘బేబీ ఆఫ్ లక్ష్మి’లు. కవలలైతే ‘ట్విన్ వన్, ట్విన్ టూ’. అందుకే తల్లి చేతికీ బిడ్డ కాలికీ ఒకే నంబరు కడతారు. కామెర్లకి లైటు కింద పెట్టడానికో, పిల్లల వార్డుకో బిడ్డని తీసుకెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి తెచ్చి ఒళ్లో పెట్టేటప్పుడు ఒకసారి, రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి చదవండి. అమ్మమ్మలు ముక్కు చూసి పోలిక పట్టేస్తామంటారు గానీ, మొదటిరోజు ముక్కులన్నీ ఒకలాగే ఉంటాయి.

స్పృహ లేకుండా, తోడు ఎవరూ లేకుండా 108లో వచ్చేవాళ్లుంటారు. వాళ్లని ‘అన్‌నోన్ మేల్, సుమారు 40’ అని రాసుకుంటాం. మెడికో లీగల్ కేసైతే, అంటే పోలీసులకి తెలపాల్సిన కేసైతే, పుట్టుమచ్చలు రెండు, పచ్చబొట్టు ఉంటే అందులో ఏం రాసుందో, మొలతాడు, తాయెత్తు, చొక్కా మీద టైలరు లేబులు దాకా రాస్తాం. ఇంటికి రాని మనిషి కోసం ఆస్పత్రులు వెతకాల్సి వస్తే పేరు పట్టుకుని తిరగొద్దు. ఫోనులో ఫొటో, పోయేటప్పుడు వేసుకున్న బట్టల రంగు, ఒంటిమీద గుర్తులు చెప్పి క్యాజువాలిటీలో యాక్సిడెంట్ రిజిస్టరు చూడమనండి. పెద్ద ప్రభుత్వాస్పత్రుల్లో పోలీసు అవుట్‌పోస్టు లోపలే ఉంటుంది, అక్కడా అడగండి.

రంగు, స్టేజి

క్యాజువాలిటీలో అందరికీ కోపం తెప్పించేది ఒకటే: ‘మేం ముందొచ్చాం, వాళ్లని ముందు చూశారు.’ అక్కడ వరసని తీవ్రతే నిర్ణయిస్తుంది, దాన్నిబట్టి పేషంటుకి ఒక రంగు వేస్తారు. ఎరుపు వేస్తే ప్రాణం మీదకి వచ్చింది, ఇప్పుడే చూడాలి. పసుపు అయితే ఆలస్యం చెయ్యకూడదు గానీ కాసేపు ఆగగలరు. ఆకుపచ్చ, నడిచి రాగలిగినవాళ్లు. బస్సు బోల్తా లాంటి పెద్ద ప్రమాదాల్లో నలుపు కూడా ఉంటుంది, ఇక చెయ్యగలిగింది లేనివాళ్లకి. నెపోలియన్ సైన్యంలో లారే అనే సర్జను, గాయపడిన సిపాయిల్ని హోదా చూడకుండా గాయం చూసి వరస పెట్టడం మొదలుపెట్టాడని మాకు నర్సింగు స్కూల్లో చెప్పారు. మనకి ఇప్పటికీ హోదా చూసి వరస పెట్టమని ఫోన్లు వస్తూనే ఉంటాయి, అది వేరే కథ.

మీరు చెయ్యాల్సింది గొడవ కాదు. ఆ తలుపు దగ్గర ఉన్న సిస్టరుకి రెండు వాక్యాల్లో సరైన సమాచారం ఇవ్వండి. ‘పొద్దుట్నించి ఒంట్లో బాగోలేదు’ అంటే ఆకుపచ్చ పడుతుంది. ‘అరగంట కింద ఛాతీ మధ్యలో బరువుగా పట్టేసింది, ఎడమ చేతిలోకి లాగుతోంది, చెమటలు పట్టాయి, షుగరుంది’ అంటే మంచం దొరుకుతుంది. ‘గ్యాసేమో’ అన్న మాట మీరు అనకండి, ఆ తీర్పు ఈసీజీ చెబుతుంది. ఒకసారి పసుపు వేశారు కదా అని ఊరుకోకూడదు కూడా. కూర్చోబెట్టిన మనిషి మాట తడబడినా, ఆయాసం పెరిగినా, ఒళ్లు చల్లబడినా లేచి వెళ్లి ‘ఇందాకటి కన్నా మారింది, మళ్లీ చూడండి’ అనండి. ‘మారింది’ అన్న మాట పనిచేస్తుంది.

పసిపిల్లల విషయంలో పీహెచ్‌సీల్లో వేరే రంగులున్నాయి: గులాబీ అయితే వెంటనే పెద్దాస్పత్రికి, పసుపు అయితే అక్కడే మందు, ఆకుపచ్చ అయితే ఇంటి దగ్గర చూసుకోవడం. ఏఎన్ఎం ఆ రంగు వెయ్యడానికి పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు, చాలావరకు బిడ్డ ఊపిరి లెక్కపెడుతుంది. అది మీరూ నేర్చుకోవాలి. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు తల్లి ఒళ్లో పడుకోబెట్టి చొక్కా పైకెత్తండి. పొట్ట లేచి దిగితే ఒకటి. సెకన్ల ముల్లున్న గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కేసి నాలుగుతో హెచ్చవేస్తే కుదరదు, పసివాళ్ల ఊపిరి కాసేపు గబగబా, కాసేపు నెమ్మదిగా నడుస్తుంది. రెండు నెలల్లోపు బిడ్డకి నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40, వీటికి చేరినా దాటినా అది వేగం ఊపిరే. రెండు నెలల్లోపు బిడ్డకైతే ఇంకోసారి లెక్కపెట్టి చూసుకోండి. ఊపిరి పీల్చేటప్పుడు డొక్క కింద లోపలికి గుంటపడుతుంటే లెక్కతో పనిలేదు, బయల్దేరండి.

స్టేజీల సంగతికొస్తే, నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే. ‘పిన్నీ, మూడో స్టేజంట’ అని ఏడుస్తుంటారు. దేనిది అని అడుగుతాను ముందు. క్యాన్సరుకి నాలుగు స్టేజీలు, ఎంతవరకు పాకిందో దాన్నిబట్టి. కిడ్నీకి ఐదు, రక్తాన్ని ఎంత వడగడుతోందో చెప్పే ఈజీఎఫ్ఆర్ అంకెనిబట్టి: 90 పైన ఒకటి, 60 నుంచి 89 రెండు, 30 నుంచి 59 మూడు, 15 నుంచి 29 నాలుగు, అంతకన్నా తగ్గితే ఐదు. కిడ్నీలో మూడు అన్నది క్యాన్సరులో మూడు కాదు. ఉప్పు, బీపీ, షుగరు అదుపులో పెట్టుకుని, నొప్పి బిళ్లలు మానేసి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయినవాళ్లు నాకు తెలుసు. స్టేజి మాట విన్నప్పుడల్లా ‘ఏ లెక్క ప్రకారం, మొత్తం ఎన్నిట్లో, ఏ రిపోర్టు చూసి?’ అని అడగండి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి వచ్చే కిడ్నీ పేషంట్లు తమ క్రియాటినిన్ (కిడ్నీలు వడగట్టాల్సిన వ్యర్థం రక్తంలో ఎంతుందో చెప్పే అంకె) ఎంతో టక్కున చెబుతారు. అయితే ఒక్క క్రియాటినిన్ చూసి ఏదీ తేల్చలేం. అదే 1.4 వచ్చినా, పాతికేళ్ల కుర్రాడికి ఈజీఎఫ్ఆర్ 70 దాటుతుంది, డెబ్భై ఏళ్ల ఆవిడకి 40 దగ్గరే ఉంటుంది. ఆ లెక్కలో వయసు, ఆడ మగ రెండూ ఉంటాయి. కౌంటర్లో ‘ఏభై వెయ్యండి’ అన్న మాట ల్యాబు రిపోర్టు దాకా నడిచొస్తుందని అందుకే చెప్పాను.

గుండె బలహీనతకి నాలుగు క్లాసులుంటాయి. ఇవి ఏ మిషనూ చెప్పదు, పేషంటు చెప్పిన మాటల మీదే వేస్తారు. మనవాళ్లు డాక్టరు ముందు ‘బానే ఉందండి’ అంటారు, ఇంటికొచ్చాక ఆయాసపడతారు. కాబట్టి మీరు చూసింది చెప్పండి. మేడ మెట్లు ఎక్కేలోపు ఎన్నిసార్లు ఆగుతున్నాడు, స్నానం చేసి బట్టలు కట్టుకునేసరికి కూర్చుండిపోతున్నాడా, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నాడు. పోయిన దసరాకి ఒక దిండు, ఇప్పుడు మూడు అంటే డాక్టరు పెన్ను ఆపి మీ వైపు చూస్తాడు.

అంకె

బీపీ అందరికీ తెలిసినట్టే ఉంటుంది, తప్పు కొలిచేది కూడా ఎక్కువ అదే. మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరకుండా, ఫ్యాంటు జేబులో ఫోను మోగుతుంటే కొలిపించుకుంటే వచ్చేది ఆ హడావుడి బీపీ. అరగంట ముందు నుంచీ కాఫీ, టీ, చుట్ట, సిగరెట్టు వద్దు. ఒంటేలుకి వెళ్లి రండి, నిండిన మూత్రాశయం కూడా బీపీని పెంచుతుంది. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చోవాలి. పాదాలు రెండూ నేలకి ఆనాలి, కాలు మీద కాలు వెయ్యకూడదు. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తున ఉండాలి, గాల్లో వేలాడకూడదు. పట్టా చర్మం మీద కట్టాలి, స్వెట్టరు మీద కాదు. జాకెట్టు చెయ్యి బిగుతుగా పైకి మడిచినా తప్పే. లావు చేతికి చిన్న పట్టా కడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, ‘పెద్ద పట్టా ఉందా అమ్మా?’ అని అడగండి. కొలిచేటప్పుడు పేషంటు మాట్లాడకూడదు, మీరు పలకరించకూడదు. నిమిషం ఆగి ఇంకోసారి. మొదటిసారి వెళ్లినప్పుడు రెండు చేతులకీ చూపించుకుని, ఎక్కువ వచ్చిన చేతికే ఆ తర్వాత ఎప్పుడూ. బీపీ ఎక్కువ అనడానికి ఆస్పత్రిలో 140/90 గీత, ఇంట్లో కొలిచినదానికైతే 135/85. డయాలసిస్ చేయించుకునేవాళ్లకి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపిన చోటు) పెట్టిన చేతికి మాత్రం బీపీ కట్టనివ్వకండి, రక్తం తియ్యనివ్వకండి. కొత్త సిస్టరుకి తెలియకపోవచ్చు. మణికట్టు దగ్గర వేలు పెడితే ఝుమ్మని అదురుతుంటుంది, చూపించి చెప్పండి.

బరువు అడిగేది కాదు, తూచేది. ‘ఎంతుంటారు?’ అంటే ‘అరవై ఉంటానేమో’ అని అంటే అరవై రాసేసుకుంటారు. పిల్లల మందులన్నీ కిలోల లెక్కే. పిల్లల జ్వరం సిరప్ ఒకే పేరుతో 5 మి.లీ.కి 125 మిల్లీగ్రాములదీ, 250దీ రెండూ షాపులో దొరుకుతాయి. మూత కొలతతో ‘ఒక మూత’ అని గుర్తుపెట్టుకుంటే కొత్త సీసా కొన్న రోజున మందు రెట్టింపు పడుతుంది. డయాలసిస్‌లో అయితే బరువే ప్రాణం. ఒంట్లో నీరు లేనప్పటి బరువుని డ్రై వెయిట్ అంటాం. దానికీ ఈ రోజు బరువుకీ ఎంత తేడా ఉందో అంత నీరు తియ్యాలని లెక్క. చెప్పులతో, శాలువాతో, జేబులో సెల్‌ఫోనుతో ఎక్కితే అదంతా నీరనుకుని లాగే ప్రమాదం ఉంది. ప్రతిసారీ ఒకే కాటా, ఒకే రకం బట్టలు.

ఆక్సిజన్ చూసే క్లిప్పు కరోనా వచ్చాక ఇంటింటికీ వచ్చింది. అప్పట్లో మన దేశంలో 94 నుంచి పైన తేలిక, 90 నుంచి 93 మధ్యరకం, 90 లోపు తీవ్రం అని పేషంట్లని విడదీశారు. గోళ్ల రంగు తుడిచి, చల్లటి వేళ్లు రుద్ది వెచ్చబెట్టి, కదలకుండా పెట్టి, అంకె నిలకడపడే దాకా ఆగండి. నల్లటి చర్మం ఉన్నవాళ్లలో ఈ క్లిప్పు కాస్త ఎక్కువ చూపించవచ్చని పరిశోధనలు తేల్చాయి. 95 చూపిస్తోంది గానీ మనిషి ఎగశ్వాస పీలుస్తున్నాడంటే మనిషినే నమ్మండి.

జ్వరానికి ‘ఒళ్లు కాలిపోతోంది’ అని చెబితే చాలదు. చంకలో చెమట తుడిచి థర్మామీటరు పెట్టి, అంకెతోపాటు టైమూ, బిళ్ల వేసి ఎంతసేపైందో రాయండి. బిళ్ల వేసిన గంటకి 99 అన్నదానికీ, బిళ్ల లేకుండా 99 అన్నదానికీ తేడా ఉంది.

మూత్రం లెక్క దగ్గర అటెండర్లదే రాజ్యం, అక్కడే చార్టు పాడయ్యేది కూడా. లోపలికి వెళ్లిన నీళ్లు, బయటికి వచ్చిన నీళ్లు రెండూ రాయాలి. తమ్ముడు తెచ్చిన కొబ్బరి బోండం, పక్క బెడ్డావిడ పోసిన కాఫీ, మాత్రలతో తాగిన నీళ్లు, అన్నీ. ఇంటి నుంచి తెచ్చిన స్టీలు గ్లాసు ఎంత పడుతుందో మొదటి రోజే కొలతల సీసాతో చూసి పెట్టుకోండి. యూరిన్ బ్యాగు నిండిందని సాయంచేసినట్టు పారబోసెయ్యకండి, అంకె చూపించి రాయించాకే. 60 కిలోల మనిషికి గంటకి 30 మి.లీ. కన్నా తగ్గుతూ కొన్ని గంటలు గడిస్తే సిస్టరుకి చెప్పాలి. కిడ్నీ పేషంటుకి కొబ్బరినీళ్లు బలమని రహస్యంగా పట్టేవాళ్లుంటారు. అందులో పొటాషియం ఉంటుంది, అది పెరిగితే గుండె ఆగుతుంది.

నొప్పిని సున్నా నుంచి పది దాకా ఎంతో చెప్పమని అడుగుతారు. మా పల్లెల ముసలమ్మలకి ఆ పది ఎక్కదు. ‘నిన్న నొప్పి రూపాయి అనుకో, ఇవాళెంత?’ అంటే మాత్రం ‘ముప్పావలా ఉందమ్మా’ అని లెక్కగా చెబుతారు. రూపాయిని పది అనుకుంటే పావలా అంటే రెండున్నర, రాసుకోవడం తేలిక. నేను ఉద్యోగమంతా అలాగే అడిగాను.

తలకి దెబ్బ తగిలినవాళ్లకి, పక్షవాతం వచ్చినవాళ్లకి స్పృహ ఎంతుందో చెప్పే జీసీఎస్ అని ఒక స్కోరు వేస్తారు. 1974లో గ్లాస్గోలో ఇద్దరు డాక్టర్లు తయారుచేసిన లెక్క. కళ్లు తెరవడానికి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15. ఏమీ లేకపోయినా ఒక్కోదానికి ఒకటి ఇస్తారు కాబట్టి అన్నింటికన్నా తక్కువ 3. ‘పదిహేనుకి మూడొచ్చిందట, అంటే కొంచెం ఉన్నట్టేగా’ అనుకోకండి. ఒక్కరోజు అంకె కన్నా ఉదయం 13, రాత్రికి 10 అన్న దిగుడే అసలు భయం.

ఈ స్కోరులో మాట భాగం దగ్గర మీ అవసరం ఉంది. చిత్తూరు వైపు నుంచి వేలూరు వెళ్లేవాళ్లు, పిల్లల దగ్గర బెంగళూరులోనో ఇంకా దూరానో ఉండేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అర్థంకాని భాషలో ‘ఈ రోజేమిటి, ఎక్కడున్నారు?’ అని అడిగితే తెలుగొక్కటే వచ్చిన పెద్దావిడ బిక్కమొహం వేస్తుంది, కాయితం మీద ‘అయోమయంలో ఉంది’ అని పడుతుంది. ‘ఈవిడకి తెలుగే వచ్చు, కుడిచెవి వినబడదు, కట్టుడు పళ్లు తీసేశారు’ అని కేస్ షీటులో రాయించండి, మీరు అడిగి జవాబు చెప్పండి. ఇంగ్లీషు తారీఖు చెప్పలేనామె ‘రేపు ఏకాదశి కదటే’ అందంటే ఆమె తెలివిలోనే ఉంది. ఇంట్లో పిలిచే పేరు కూడా రాయించండి. ‘సత్యవతిగారూ’ అంటే కన్ను తెరవనామె ‘సత్తెమ్మత్తా’ అంటే తెరవచ్చు, అక్కడ ఒక మార్కు తేడా వస్తుంది.

రక్తం, ఆపరేషను, ఇంటికి వెళ్లేరోజు

రక్తం తీశాక ట్యూబు మీద పేరు మంచం పక్కనే, మీ ఎదురుగానే రాయాలి. నాలుగు ట్యూబులూ అలాగే జేబులో వేసుకుని వెళ్తుంటే ‘పేరు రాశారా బాబూ?’ అని అడగండి. రక్తం ఎక్కించేటప్పుడు ఇద్దరు నిలబడి బ్యాగు మీది నంబరు, గ్రూపు, గడువు తేదీ, పేషంటు పేరు, ఐపీ నంబరు పైకి చదువుకోవాలి. మొదటి పావుగంట ఎవరో ఒకరు పక్కనే ఉండాలి. వణుకు, దద్దుర్లు, నడుంనొప్పి, ఆయాసం ఏది వచ్చినా ఆ క్షణమే పిలవండి. ‘మా నాన్నది ఓ పాజిటివ్, మాకు తెలుసు’ అని మీరు చెప్పినా వాళ్లు పరీక్ష చేసే ఎక్కిస్తారు, చెయ్యనివ్వండి.

ఆపరేషనుకి తీసుకెళ్లేముందు కుడా ఎడమా అన్నది ఒంటి మీద మార్కరుతో గుర్తు పెడతారు. పేషంటు మెలకువలో ఉండగానే పెట్టించండి, గుర్తు సరైనవైపే ఉందో మీరూ చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన చెక్‌లిస్టు ప్రకారం మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, బయటికి తెచ్చే ముందు పేరూ పనీ మళ్లీ చదువుకుంటారు.

డిశ్చార్జి రోజు బిల్లు మీదే అందరి కళ్లూ. సమ్మరీని ఆటోలో చదవొద్దు, వార్డులోనే చదవండి. పేరు, వయసు, యూహెచ్‌ఐడీ. కుడి ఎడమ సరిగ్గా పడ్డాయా. ఇన్సూరెన్సు ఉంటే జబ్బు పేరు పక్కన కోడు కూడా ఉంటుంది, ప్రపంచమంతా వాడే పట్టికలోది: ఐ10 అంటే మామూలు బీపీ, ఈ11 అంటే టైప్ టూ షుగరు. మీకు లేని జబ్బు కోడు పడితే అక్కడే అడగండి, ఒకసారి క్లెయిములోకి ఎక్కాక తీయించడం కష్టం. వెళ్లేనాటి బరువు, బీపీ, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ ఆఖరి అంకెలు లేకపోతే రాయించుకోండి, ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు పోల్చుకునేది వాటితోనే. ఆస్పత్రిలో ఉండగా ఏ మందుకైనా దద్దుర్లు వచ్చుంటే ఆ మందు పేరు పెద్ద అక్షరాలతో మొదటి పేజీలోనే ఉండాలి. అన్ని పేజీలూ ఫోనులో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపాక చేతి పట్టీ కత్తిరించమనండి.